ఆకుపచ్చ వైరు

ఆ సోమవారం షెడ్డులో అవ్వాల్సిన పనులు: స్కూలు వ్యానుకి బ్రేకులు బిగించాలి. పాల ట్రక్కు రేడియేటరు దించాలి. తెల్ల కారు డోరు ఎందుకు పడటం లేదో చూడాలి. మధ్యాహ్నంలోగా లిఫ్టుకి నూనె మార్చాలి. నర్సమ్మ హైబ్రిడ్ కారులో ఇంజన్ దీపం ఎందుకు వెలుగుతోందో కనిపెట్టాలి.

ఇవి ఓనరు పొద్దున్నే వచ్చి గోడ మీది నల్లబల్ల మీద సుద్దతో రాసినవి. మేస్త్రికి వీటికి తోడు ఇంకో పని ఉంది. అది ఏ బల్ల మీదా రాసేది కాదు. సాయంత్రం షట్టరు దించేదాకా, తన ముక్కుకి వాసన తెలియడం లేదన్న సంగతి ఎవరి కంటా పడకుండా చూసుకోవాలి.

వేరే మనిషికైతే అదేమంత పెద్ద సంగతి కాదు. కానీ ఈయన్ని షెడ్డులో అందరూ పిలిచేదే ముక్కు మేస్త్రి అని. బయట బోర్డు మీద కారు బొమ్మ పక్కన ఇంత పొడుగు ముక్కు బొమ్మ కూడా వేయించాడు ఓనరు. బండి ఏదైనా సరే, మేస్త్రి వెళ్ళి సైలెన్సరు గొట్టం దగ్గర గొంతుక్కూర్చునేవాడు. కళ్ళు మూసుకుని ఒక్కసారి గాలి పీల్చి, "ఆయిలు కాలుతోంది" అనో, "పెట్రోలు ఎక్కువ తాగుతోంది" అనో చెప్పేవాడు. ఆ మాట మీదే మిగతావాళ్ళు రెంచీలు పట్టుకునేవాళ్ళు. పోయిన వానాకాలంలో జ్వరం వచ్చింది. జ్వరం పోతూ పోతూ వాసనని కూడా వెంటబెట్టుకుపోయింది.

ఇంట్లో భార్యకి మాత్రం తెలుసు. ఆ పొద్దున కూడా స్టవ్వు పక్కనే కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. ఆవిడ స్నానాల గదిలోంచి తడికాళ్ళతో పరిగెత్తుకొచ్చింది.

"పాలు మాడి వీధంతా కంపు కొడుతోంది, పక్కనే బొమ్మలా కూర్చున్నారేమిటండీ!" అని గిన్నె దించేసింది. ఆ మాట అనేశాక నాలుక కరుచుకుంది. కాసేపు గిన్నె అడుగు గీకుతూ ఉండి, "ఓనరుకి చెప్పెయ్యకూడదూ? ఎన్నాళ్ళిలా?" అంది.

"చెప్తే నాకింక అక్కడేం పని? స్పానరు పడితే చెయ్యి వణుకుతోంది. ఈ ముక్కుని చూసే కదా నన్ను ఉంచుకుంది."

"ముక్కు ఉందిగా. పనిచెయ్యట్లేదంతే," అందావిడ. ఇద్దరికీ నవ్వొచ్చింది. కానీ నవ్వు ఎంతోసేపు నిలబడలేదు.

ఇన్నాళ్ళూ ఆయన నెట్టుకొచ్చింది స్కానరమ్మ పుణ్యమా అని. ఆమెకి ఆ పేరు షెడ్డువాళ్ళు పెట్టిందే. స్టీరింగ్ కింద వైరు గుచ్చి, బండి లోపలి కంప్యూటరు ఏం చెబుతోందో చేతిలోని స్కానరు మీద చదివేది ఆమే. ముప్పై దాటిన మనిషి, మంచంలో ఉన్న తల్లిని చూసుకుంటూ ఒక్కతే ఉంటుంది. మెడలో ఎప్పుడూ నూలు స్కార్ఫు. మేస్త్రి పొగ వాసన చూడటానికి కూర్చుంటే ఆమె పక్కనే నిలబడేది. పొగలో పెట్రోలు ఘాటు ఉంటే స్కార్ఫు ముక్కు మీదికి లాక్కునేది. ఆయిలు కాలుతుంటే మొహం తిప్పి దగ్గేది. పొగ మంచిదైతే ఊరికే నిలబడి ఉండేది. మేస్త్రి కళ్ళు మూసుకున్నట్టే మూసుకుని, ఓరగా ఆ స్కార్ఫుని చూసి తీర్పు చెప్పేవాడు. పిచ్చిపిల్ల, తనకి తెలియకుండానే నాకు కబురు అందిస్తోంది అనుకునేవాడు. అలా అనుకున్నప్పుడల్లా కాస్త సిగ్గు, కాస్త ధైర్యం.

ఆ షెడ్డులో ఇంకో పద్ధతి ఉంది. ఒక్కొక్కరికీ ఒక రంగు వైరు. పని పూర్తిచేసినవాళ్ళు తమ రంగు వైరు ముక్క తాళంచెవి రింగుకి మెలిపెట్టి ఇవ్వాలి. బండి అదే జబ్బుతో తిరిగొస్తే వైరు ఎవరిదో వాళ్ళే మాట పడాలి. బ్రేకులాయనది ఎరుపు. స్కానరమ్మది ఆకుపచ్చ. మేస్త్రికి మాత్రం ఏ రంగూ లేదు. ఆ పద్ధతి పెట్టిన కొత్తలో ఆయన అడిగితే, "నోటిమాటకి వైరెలా కడతాం మేస్త్రీ?" అని ఓనరు నవ్వేశాడు. అందరూ నవ్వారు.

నర్సమ్మ పదింటికి వచ్చింది. ఇళ్ళకెళ్ళి మంచం పట్టినవాళ్ళకి ఇంజెక్షన్లు చేసి, పుళ్ళకి కట్లు కట్టి వస్తుంటుంది. కారు వెనక సీటు నిండా దూది, గాజుగుడ్డల పెట్టెలే.

"దీపం వెలిగి చాలా రోజులైందమ్మా. నేనే పట్టించుకోలేదు. పెట్రోలు కూడా ముందులా రావట్లేదు," అంది.

"ఒంట్లో బాగోకపోతే వెంటనే రావాలని మీరే కదండీ అందరికీ చెప్తారు," అంది స్కానరమ్మ.

"చెప్పేవాళ్ళం వింటామా ఏమిటి?" అని నర్సమ్మ తాళంచెవి బల్ల మీద పెట్టి ఆటో ఎక్కి వెళ్ళిపోయింది.

స్కానరమ్మ వైరు గుచ్చి చూసింది. పొగగొట్టంలో ముందు వైపు ఉండే ఆక్సిజన్ సెన్సరు మీద ఫిర్యాదు. పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో పసిగట్టి కంప్యూటరుకి చెప్పడం దాని పని. ఆ మాట విని కంప్యూటరు పెట్రోలు పెంచుతుంది, తగ్గిస్తుంది. ఇప్పుడది ఆపకుండా ఒకే మాట చెబుతోంది: గాలి ఎక్కువైంది, పెట్రోలు చాలట్లేదు.

"రెండే రెండు దారులు బాబాయ్," అంది స్కానరమ్మ. "ఎక్కడో గొట్టం చిట్లి నిజంగానే గాలి దూరుతుండాలి. అప్పుడు పొగలో వాసన ఉండదు. లేదా సెన్సరు చెడి అబద్ధం చెప్తుండాలి. అదే అయితే కంప్యూటరు దాన్ని నమ్మి పెట్రోలు కుమ్మరిస్తుంటుంది, పొగ గుప్పుమంటుంది. ఏదో మీరే తేల్చాలి."

మేస్త్రి అలవాటుగా వెనక్కి వెళ్ళి కూర్చున్నాడు. ఆమె పక్కకి వస్తుందని చూశాడు. ఆమె రాలేదు. ఇంజన్ ఉన్నట్టుండి ఆగిపోయింది.

"ఇది హైబ్రిడ్ కదా బాబాయ్, బ్యాటరీ నిండితే నిలబడ్డచోట ఇంజన్ ఆపేసుకుంటుంది. ఒకరు లోపల కూర్చుని యాక్సిలరేటరు తొక్కి పట్టాల్సిందే," అని ఆమె డ్రైవరు సీట్లో కూర్చుంది. పక్కనే బ్రేకులాయన వ్యాను డ్రమ్ములు గీకుతున్నాడు, దుమ్ము లేస్తోంది. ఆమె అద్దాలు ఎత్తేసింది.

ఇంజన్ మళ్ళీ అందుకుంది. గొట్టంలోంచి వెచ్చటి పొగ మేస్త్రి మొహానికి తగిలింది. తడి తెలుస్తోంది, వేడి తెలుస్తోంది. అంతే. ఆయన గట్టిగా పీల్చాడు. మళ్ళీ పీల్చాడు. గొట్టం అంచుని వేలితో తుడిచి చూస్తే మసి అంటింది. ఏ బండి గొట్టాన్ని తుడిచినా అంటుకునే మసే అది. తల ఎత్తితే కారు వెనక అద్దంలోంచి, డ్రైవరు ముందుండే చిన్న అద్దంలో స్కానరమ్మ కళ్ళు కనిపించాయి. కళ్ళు మాత్రమే. మెడ కనపడలేదు, స్కార్ఫు కనపడలేదు.

ఓనరు వచ్చి కారు ముందు వైపు నడుం మీద చేతులేసుకుని నిలబడ్డాడు. "ఏమంటోంది మేస్త్రీ?"

మేస్త్రికి తెలిసింది ఒక్కటే. తనకి ఏ వాసనా రావడం లేదు. ఆ మాటే చెప్పాడు.

"వాసన లేదు. గాలి లీకే అది. సెన్సరు మంచిదే."

స్కానరమ్మ దిగి వచ్చింది. అప్పటికి ఇంజన్ ఆగిపోయింది, ఫ్యాను గాలికి పొగ చెదిరిపోయింది. గొట్టం దగ్గర నిలబడి ఒకసారి ముక్కు ఎగబీల్చింది. "బాబాయ్, సరిగ్గా చూశారా? పోనీ ఓసారి గాలి గొట్టం దగ్గర క్లీనరు స్ప్రే కొట్టి చూద్దామా? సెన్సరు బతికుంటే అంకె కదులుతుంది, లేకపోతే లేదు. అయిదు నిమిషాల పని."

ఆ క్షణంలో మేస్త్రి "సరే, కొట్టు" అని ఉంటే ఈ కథ లేదు. కానీ ఓనరు చూస్తున్నాడు. బ్రేకులాయన గీకుడు ఆపి మరీ చూస్తున్నాడు.

"నాకే చెప్తున్నావా?" అన్నాడు మేస్త్రి. ఆ గొంతు ఆయనకే కొత్తగా వినిపించింది.

"ముక్కు చెప్పాక ఇంకా స్ప్రేలేమిటమ్మా," అన్నాడు ఓనరు. "లీకు వెతుకు."

ఆమె మధ్యాహ్నమంతా బానెట్ లోకి వంగి వెతికింది. ఒక రబ్బరు గొట్టం మడత దగ్గర సన్నటి పగులు దొరికింది. ఎండకి ఏ పాత గొట్టానికైనా వచ్చే పగులే. దాన్నే మార్చింది, స్కానరుతో దీపం ఆర్పింది, తాళంచెవికి ఆకుపచ్చ వైరు మెలిపెట్టింది. మెలిపెడుతూ ఒకసారి మేస్త్రి వైపు చూసింది. ఆయన పాల ట్రక్కు దగ్గర ఏదో పనున్నట్టు వంగున్నాడు.

గురువారం నర్సమ్మ కారుని వేరే బండి లాక్కొచ్చింది. నర్సమ్మ ఆ బండి ముందు సీట్లోంచి దిగి తలుపు ధడాలున వేసింది.

"నడిరోడ్డు మీద ఆగిపోయింది. ఇంజన్ తిరుగుతుంది, బండి కదలదు. అవతల ఇన్సులిన్ కోసం ముసలాయన కాసుకుని కూర్చున్నాడు. ఎవరి స్కూటరో పట్టుకుని పోయాను కాబట్టి సరిపోయింది. ఏం బాగు చేశారమ్మా? మీరు ఇచ్చిన రోజునుంచీ కారులో పెట్రోలు కంపు, తల పగిలిపోయేది. ఇంతమంది ఉన్నారు, ఒక్కరికీ వాసన రాలేదా?"

బ్రేకులాయన కిందికి దూరి విప్పి చూశాడు. పొగని శుభ్రంచేసే కన్వర్టరు డబ్బాలో లోపలి జల్లెడంతా కరిగి ముద్దయిపోయింది. కాలని పెట్రోలు వారాల తరబడి దానిలో పడి మండుతూ ఉంటే అలాగే అవుతుంది. పొగకి దారి లేక ఇంజన్ ఉక్కిరిబిక్కిరైంది.

ఓనరు తాళంచెవి పైకెత్తి చూశాడు. ఆకుపచ్చ వైరు.

"అమ్మగారి ముందే అడుగుతున్నా. ఇది ఎవరి వైరు?"

"నాదే," అంది స్కానరమ్మ.

మేస్త్రి నోరు తెరిచాడు. "అది కాదండీ, ఆ రోజు..."

"నువ్వు ఊరుకో మేస్త్రీ. ప్రతిసారీ ఈవిణ్ణి వెనకేసుకు రాకు. నువ్వు లీకు అన్నావు, సరిగ్గానే అన్నావు. వెతకడం రాకపోతే నీ తప్పా?"

ఇంత తేలిగ్గా తన మాటని తన చేతిలోంచి లాక్కుని దాచేస్తాడని మేస్త్రి ఊహించలేదు. స్కానరమ్మ ఇప్పుడు తన వైపు వేలు చూపిస్తుంది అనుకున్నాడు. చూపిస్తే బాగుండును అని కూడా అనుకున్నాడు. ఆమె చూపించలేదు.

"నేను ఇంకోసారి చూసుకోవాల్సింది," అంది ఆమె. అంతే అంది.

కస్టమరు ముందు గట్టిగా ఉండాలని ఓనరు పంతం. రేపటినుంచి రానక్కర్లేదన్నాడు. నర్సమ్మకి కూడా అది ఎక్కువనిపించినట్టుంది, బాగ్‌లో ఏదో వెతుక్కుంటూ మొహం తిప్పుకుంది. స్కానరమ్మ స్కానరు తీగ చుట్టగా చుట్టి, తెర తుడిచి, బల్ల మీద పెట్టింది. మెడలో స్కార్ఫు విప్పి దులిపి మళ్ళీ కట్టుకుని వెళ్ళిపోయింది.

శుక్రవారం కొత్త కన్వర్టరు బిగించారు. ఈసారి మేస్త్రి ఎవర్నీ అడగలేదు. బ్రేకులాయన్ని లోపల కూర్చోబెట్టి తొక్కి పట్టమన్నాడు. స్కానరు తనే మోకాలి మీద పెట్టుకున్నాడు. ఎప్పుడూ ఆమె చేతిలో చూసిందే తప్ప తాకింది లేదు, ఏ బటను ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. సెన్సరు అంకె కనిపించాక, గాలి లోపలికి పోయే గొట్టం నోట్లో క్లీనరు స్ప్రే కొట్టాడు. అది మండే సరుకు. లోపలికి పోతే పెట్రోలు ఎక్కువైనట్టే. సెన్సరు ఉలిక్కిపడాలి.

అంకె కదల్లేదు. మళ్ళీ కొట్టాడు. ఇంజన్ గొంతు మారింది, తడబడింది. అంకె మాత్రం రాయిలా అక్కడే కూర్చుంది.

కాలుతున్న గొట్టం చల్లారేదాకా ఆగి, సెన్సరు తీగ పట్టేలా పక్కన చీలిక ఉన్న సాకెట్ వేసి సెన్సరు విప్పాడు. సాకెట్ రెండుసార్లు జారింది. కొత్తది బిగించి మళ్ళీ కొట్టాడు. అంకె చెంగున ఎగిరి, నెమ్మదిగా దిగి వచ్చింది. పాతదాన్ని అరచేతిలో పెట్టుకుని చూశాడు. చూడటానికి ఏ లోపమూ లేదు. లేని గాలి ఉందని అది చెప్పింది. ఉన్న వాసన లేదని తను చెప్పాడు. ఇద్దర్నీ అందరూ నమ్మారు.

సెన్సరు తీసుకెళ్ళి ఓనరు బల్ల మీద పెట్టి, నిలబడే అంతా చెప్పేశాడు. జ్వరం, వాసన పోవడం, స్కార్ఫు, సోమవారం అద్దంలో కనపడని స్కార్ఫు. మాట పడటానికి సిద్ధపడి వచ్చాడు.

ఓనరు లేచి తలుపు వేసి వచ్చాడు. "ఇది ఇంకెవరికి చెప్పావు?"

"ఎవరికీ లేదు. ఆ అమ్మాయిని పిలిపించండి. నన్ను పంపెయ్యండి."

"నిన్ను పంపేస్తే బయట బోర్డు మీద ఏ బొమ్మ వేయించమంటావు?" అన్నాడు ఓనరు. కోపంగా కూడా అనలేదు. "జనం నీ ముక్కుని చూసి వస్తున్నారు. పొగ కొలిచే మెషిను ఒకటి చూసి పెట్టాను, తెప్పిస్తా. నువ్వు కూర్చుని వాసన చూడు. మెషిను ఏం చెప్తే అది చెప్పు. ఇక ఆవిడంటావా, పిలిస్తే ఆ నర్సమ్మకి ఏమని చెప్పాలి? మా షెడ్డులో తప్పు ముక్కుదని చెప్పమంటావా?"

"చెప్పండి."

"ఇంటికెళ్ళి పడుకో మేస్త్రీ. రెండు రోజులు పోతే అదే సర్దుకుంటుంది."

తన్నితే తట్టుకోగలిగేవాడు. ఇలా మెత్తగా తోసేస్తే ఏది పట్టుకుని నిలబడాలో ఆయనకి తెలియలేదు.

ఆదివారం స్కానరమ్మ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాడు. మూడో అంతస్తు వరండాలో ఆమె బట్టలు ఆరేస్తోంది. తెరిచిన తలుపులోంచి మంచం మీద పడుకున్న తల్లి కాళ్ళు కనిపిస్తున్నాయి.

"రండి బాబాయ్. ఆ స్టూలు మీద కూర్చోండి, కుర్చీ కాలు విరిగింది," అంది, ఏమీ జరగనట్టు.

ఆయన కూర్చోలేదు. దారంతా కూడబలుక్కున్న మాటలన్నీ పోయి ఒక్కటే మిగిలింది. "అమ్మాయ్, నాకు వాసన తెలీదు."

ఆమె నోట్లో పట్టుకున్న బట్టల క్లిప్పు తీసి దుప్పటికి పెట్టింది. "తెలుసు బాబాయ్."

"తెలుసా?"

"మీ జ్వరం తగ్గిన కొత్తలో, పాల ట్రక్కు కింద డీజిలు కారి మడుగు కడుతుంటే, మీరు దాని పక్కనే కూర్చుని టీ తాగుతున్నారు చూడండి. అప్పట్నుంచి తెలుసు."

మేస్త్రి స్టూలు వెతుక్కుని కూర్చున్నాడు. "మరి ఆ స్కార్ఫు..." అన్నాడు.

"ఇన్నేళ్ళు ఈ పనిలో ఉన్నదాన్ని, పొగకి ముక్కు మూసుకుంటానా? పొగ నాకు అత్తరుతో సమానం," అని నవ్వింది. "మీరు అడగరు. నేను చెబితే మీకు చిన్నతనం. అందుకని అలా. దగ్గడం మాత్రం బాగా ప్రాక్టీసు చేశాను."

వరండాలో తడి దుప్పటి గాలికి ఊగుతోంది. సబ్బు వాసన వస్తూ ఉండాలి. ఆయనకి రావడం లేదు. పిచ్చిపిల్ల అనుకుంటూ ఎన్ని నెలలు ఆ స్కార్ఫుని దొంగచూపులు చూశాడో గుర్తొచ్చి, మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. దొంగిలిస్తున్నాననుకున్నదంతా ఆమె చేత్తో పెట్టిందే.

"మరి ఓనరు ముందు చెప్పలేదేం?"

"ఏమని? మా బాబాయికి వాసన రాదు, ఇన్నాళ్ళూ నేనే అందించానని చెబితే ఇద్దర్నీ గెంటేవాడు. ఒకరు పోతే చాలదా?" ఆమె ఇంకో బట్ట దులిపింది. కొంచెం గట్టిగానే దులిపింది. "కోపం రాలేదనుకోకండి. ఉద్యోగం పోయినందుకు కాదు. నాకే చెప్తున్నావా అన్నారు చూడండి. అది ఇంకా ఇక్కడే ఉంది."

ఆయన ఓనరుకి చెప్పాననీ, వినలేదనీ చెప్పాడు.

"వింటాడనుకున్నారా?" అంది. "నేను బట్టలు ఉతికే కొట్టులో చేరుతున్నాను. పెద్ద మెషిన్లు. బటన్లు నొక్కడమే, కనిపెట్టేదేం ఉండదు. ఇంతకీ ఆ సెన్సరు ఏమైంది? స్ప్రే కొట్టారా?"

"కొట్టాను. కదల్లేదు."

"నేను చెప్పలే!" అంది. ఆ ఒక్క క్షణం ఆమె మొహం షెడ్డులో ఉన్నప్పటిలా వెలిగింది. లోపల్నుంచి తల్లి పిలిస్తే చేతులు తుడుచుకుంటూ వెళ్ళింది.

సోమవారం నర్సమ్మ కారు కోసం వచ్చింది. తాళంచెవి రింగుకి పాత ఆకుపచ్చ వైరు పక్కనే, రంగు తొడుగు ఒలిచేసిన ఉత్త రాగి తీగ ఒకటి మెలిపెట్టి ఇచ్చాడు మేస్త్రి.

"ఇదేమిటి మేస్త్రీ?"

"పని చేసినవాళ్ళ గుర్తమ్మా. ఆకుపచ్చది ఆ రోజు పంపేసిన అమ్మాయిది. సెన్సరు చూద్దామని తను అడిగింది. వద్దన్నది నేను. నాకు వాసన తెలీదు. తప్పు నాది, తనది కాదు."

పక్కన ఓనరు మొహం మాడిపోయింది. నర్సమ్మ మేస్త్రి మొహంలోకి చూసింది. రోగుల మొహాల్లోకి చూసే చూపు అది. ఏదో అనబోయింది. ఫోను మోగింది. ఎవరికో కట్టు ఊడి రక్తం కారుతోందట.

"అయ్యో పాపం," అంది ఎవరి గురించో తెలియకుండా. కారెక్కుతూ, "మళ్ళీ దారిలో ఆగదు కదా?" అని అడిగింది.

"ఆగదమ్మా."

కారు బ్యాటరీ మీద చప్పుడు లేకుండా వెళ్ళిపోయింది. పొగ కూడా రాలేదు.

"ముక్కూ, ఇటొకసారి," అని ఓనరు కేకేశాడు. ఇంకెవరో కస్టమరు, ఇంకేదో బండి. పొగ కొలిచే మెషిను ఇంకా రాలేదు. మేస్త్రి వెళ్ళి గొట్టం దగ్గర గొంతుక్కూర్చున్నాడు. వెచ్చటి పొగ మొహానికి తగిలింది. అలవాటు కొద్దీ ఓరగా పక్కకి చూశాడు. పక్కన ఎవరూ లేరు.

ఇంతదాకా చదివినవారికి ఒక మనవి. మీ బండి ఎప్పుడైనా ఏ షెడ్డులోంచైనా బాగై వస్తే, బోర్డు మీది బొమ్మని మెచ్చుకోండి, తప్పులేదు. దాంతోపాటు పొగ అలవాటైపోయినా ముక్కు మూసుకున్న ఒక మనిషిని కూడా తలుచుకోండి. ఇప్పుడామె ఎక్కడో బట్టల మెషిను బటన్లు నొక్కుతోంది. అక్కడ ఆమెని ఏమని పిలుస్తారో తెలియదు. షెడ్డులో ఉన్నన్నాళ్ళూ స్కానరమ్మ అనేవారు. గుర్తుపెట్టుకోండి.